తప్పిన బంతి ఎటు పడుతుంది?

మొన్న ఆదివారం మేనల్లుడు ఫోన్‌లో ‘స్లామ్ డంక్’ పెట్టి, “ఈ ఒక్క మ్యాచ్ చూడు మామా” అన్నాడు. జపాన్ బొమ్మల సీరియల్ నాకెందుకురా అంటూనే కూర్చున్నా. ఆ ఒక్క మ్యాచ్ రాత్రి అన్నాల వేళ దాకా సాగింది.

తకెహికో ఇనొయె 1990 నుంచి 1996 దాకా గీసిన కథ ఇది. 1993లో టీవీకెక్కింది. ఎర్రజుట్టు సకురాగి ఒక అమ్మాయి మెప్పు కోసం బాస్కెట్‌బాల్‌లో చేరతాడు. ఒళ్లంతా పొగరే, ఆట మాత్రం సున్నా. కైనాన్ జట్టుతో మ్యాచ్‌లో వీడికి బాస్కెట్ వేయడం రాదని అవతలివాళ్లు పసిగట్టి, ఓ బక్కపలచని పొట్టి పిల్లాణ్ని కాపలా పెడతారు. అంత అలుసు! బెంచీ మీద వాడి ముఖం చూస్తే నాకే సిగ్గేసింది.

వాడికి వచ్చిందల్లా రీబౌండ్. దానికి ఎగిరితే చాలనుకుంటాం గానీ అసలు పని కాళ్లదీ వీపుదీ. తప్పిన బంతి ఎటు పడుతుందో ముందే పోల్చుకుని, అవతలివాణ్ని వీపుతో ఆపి, ఆ జాగా వదలకూడదు.

అది చూస్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు. మా ఇల్లందును బొగ్గుట్ట అంటారు. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో ఇక్కడే మొదలైంది. నాన్న బొగ్గు నింపే బదిలీ ఫిల్లర్‌గా బొగ్గుబాయిలోకి దిగిన కొత్తలో, పని చూసే సర్దార్ ముందుగా నేర్పింది తట్టా, చెమ్మస్ పారా పట్టడం కాదట, రూఫ్‌ను కర్రతో తట్టి చప్పుడు వినడం. ఖంగుమంటే పని చేసుకో, డొల్లగా మోగితే పక్కకు జరుగు. బొగ్గెత్తడం తర్వాత సంగతి.

మ్యాచ్ చివరి క్షణాలు. సకురాగి జట్టు రెండు పాయింట్లు వెనకబడింది. సకురాగి రీబౌండ్ అందుకుని, తమ కెప్టెన్ అనుకుని ఎదుటి జట్టువాడికి బంతి విసిరేశాడు! 90-88, ఓటమి. మేనల్లుడు నా ముఖంలోకి చూసి నవ్వుతున్నాడు. వాళ్లమ్మ చెప్పే ఉంటుంది.

తొమ్మిదో తరగతిలో నేనూ అదే చేశాను. రెండు జట్లూ తెల్ల బనీన్లే మరి. సకురాగి గుండు గీయించుకుని మళ్లీ ఆటకు పోయాడు. నేనైతే నెలరోజులు, మార్కెట్‌కు పోవాలన్నా గ్రౌండు కనబడని దారిలోనే తిరిగాను.