కోపానికీ చేతకీ మధ్య

అల్వాల్, మేడ్చల్, శామీర్‌పేట వైపు ఏదైనా కేసులో మహిళను రిమాండుకు పంపితే, ఆమె చేరేది సాధారణంగా చంచల్‌గూడలోని మహిళల ప్రత్యేక జైలుకే. ఇంటివాళ్లు చూడటానికి వెళ్లాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి. ఎదురుచూసిన ములాఖత్‌కి ఎవరూ రాకపోతే చాలామంది ఏడ్చి ఊరుకుంటారు. కొందరు మాత్రం బ్యారక్‌లో గొడవకు దిగుతారు, లేదా తమకు తామే హాని చేసుకుంటారు.

అలాంటి వారిని 'మొండిది, నాటకాలాడుతోంది' అనేస్తారు. వాళ్లలో కొందరిది బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ కావచ్చు. తనవాళ్లు వదిలేస్తారన్న తీవ్ర భయం, అదుపు తప్పే ఆవేశం, నిన్న దేవుడనుకున్న మనిషే నేడు శత్రువనిపించడం దీని లక్షణాల్లో కొన్ని. 1998లో వెలువడిన ఇంగ్లండ్, వేల్స్ జైళ్ల సర్వేలో మహిళా ఖైదీల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ సమస్య కనిపించింది. అయితే ఒక్క గొడవ చూసి ఈ ముద్ర వేయకూడదు.

అమెరికా మనస్తత్వవేత్త జెఫ్రీ యంగ్ ఇలాంటి భయాల వెనుక ఉండే, బాల్యంలో నాటుకునే ఆలోచనా ధోరణులను 18 రకాలుగా వర్గీకరించారు. 'నన్ను అందరూ వదిలేస్తారు', 'నాలోనే లోపముంది' అనేవి అందులోవే. దెబ్బలు, నిరాదరణ మధ్య పెరిగిన పిల్లకు ఇవి మొదట్లో ఆత్మరక్షణే. పెద్దయ్యాక అవే ఆమెను కూలదోస్తాయి.

ఈ సమస్యకు ఇచ్చే ఒక చికిత్సలో అసలు పనితనం కోపం నుంచి చేత దాకా సాగే గొలుసు విప్పడంలో ఉంది. తల్లి ములాఖత్‌కి రాలేదనుకుందాం. ఆ కబురు విన్నప్పుడు మనసులో ఏ మాట మెదిలింది? ఒంట్లో ఏమైంది? చెయ్యి లేచేలోపు ఏ క్షణంలో ఆగగలిగేది? కౌన్సెలర్ తప్పుపట్టకుండా, తొందరపడకుండా ఒక్కో లంకె గురించి అడుగుతూ వెళ్తారు. ఈ పద్ధతికి రూపమిచ్చిన మార్షా లినెహాన్ 1961లో, 17 ఏళ్ల వయసులో, తానే రోగిగా మానసిక చికిత్సాలయంలో చేరిన మనిషి. ఆ సంగతి ఆమె 2011లో బయటపెట్టారు.

తెలంగాణ జైళ్లకు ఈ దారి కొత్తేమీ కాదు. ఆచార్య బీనా చింతలపూరి నడిపిన 'ఉన్నతి' కార్యక్రమం ఖైదీల ఆలోచనా తీరు మార్చడం మీదే నిలిచింది.

చిక్కల్లా సమయంతోనే. లినెహాన్ శిక్షణకు దాదాపు ఏడాది కావాలి. మన దేశంలో ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది విచారణలో ఉన్నవారే. బెయిలు రాగానే శిక్షణ తెగిపోతుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. చట్టం చెప్పకపోయినా, అక్కడ మందులతో పాటు ఈ శిక్షణ కూడా ఇవ్వాలి. విడుదలైన మహిళకు ఆమె ఊరికి దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో దాన్ని కొనసాగించాలి. ఈలోగా కుటుంబాలు టెలి మానస్ 14416కు ఫోన్ చేసి ఉచితంగా సలహా తీసుకోవచ్చు.