గోడెక్కిన సన్యాసులు

ఆఫీసు పని మీద లండన్ వెళ్లినప్పుడు ఒక శుక్రవారం సాయంత్రం టీమ్‌వాళ్లు నన్ను బ్లాక్‌ఫ్రయర్ పబ్‌కి తీసుకెళ్లారు. రెండు రోడ్ల మధ్య కోసిన కేకు ముక్కలా నిలబడ్డ ఇరుకు బిల్డింగు. మాది చేగుంట. తాగే చోటు అంటే నాకు మొదట గుర్తొచ్చేది తాటిచెట్ల కింద కల్లు మండువ. మా తాత చెట్లు గీసి అక్కడే కల్లు అమ్మేవాడు. ఈ పబ్‌ని చూసిన తీరులో ఆ పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

ఈ పబ్‌ని 1875 ప్రాంతంలో కట్టారు. 1905లో మొదలుపెట్టి ఆర్కిటెక్ట్ ఫుల్లర్ క్లార్క్, శిల్పి హెన్రీ పూల్ వగైరాలు దాని రూపమే మార్చేశారు. రంగుల పాలరాయి గోడల మీద రాగి శిల్పాలు. బొద్దు సన్యాసులు చేపలు పడుతుంటారు, ద్రాక్ష కోస్తుంటారు, పాటలు పాడుతుంటారు. తర్వాత కలిపిన లోపలి గదిలో గోడల నిండా సూక్తులు. 'ఆడంబరం మూర్ఖత్వం' అన్నది వాటిలో ఒకటి. అంత మెరుపు మధ్య ఆ మాట రాయడం గడుసుతనమే. నాకు నచ్చింది.

ఆ నేల మీద ఒకప్పుడు నిజంగానే సన్యాసులుండేవారు. నల్ల పైవస్త్రం వేసుకునే డొమినికన్ల మఠం అది. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు హయాంలో దాన్ని మూసేసి ఆస్తి లాగేసుకున్నారు. తర్వాత ఆ ఆవరణలోనే నాటకశాల వెలిసింది. షేక్‌స్పియర్ బృందం అందులో ఆడింది, 1613లో ఆయన అక్కడి గేటు ఇంటిని కొన్నాడు కూడా. 1960లలో పబ్‌ని కూల్చబోతే కవి జాన్ బెట్‌జమన్ లాంటివాళ్లు పోరాడి ఆపారు. ఇప్పుడది నికొల్సన్స్ అనే పబ్‌ల చెయిన్‌లో ఒకటి.

ఓనర్లు మారారు, గోడలు మిగిలాయి. హెరిటేజ్ అంటే ఇదీ అని మొదటి బీరుకి నేనూ మురిసిపోయాను. మన జూబ్లీహిల్స్‌లో రెండేళ్లకే బోర్డు మారిపోయే పబ్‌లు గుర్తొచ్చి కాస్త సిగ్గు కూడా పడ్డాను.

రెండో బీరుకి ఒక అనుమానం మొదలైంది. ఇన్ని శిల్పాల్లో నా కంట పడని ఘట్టం ఒకటుంది: 1538. రాజు మనుషులు లేరు, ఖాళీ అయిన వంటగది లేదు, మూట సర్దుకుంటున్న సన్యాసి లేడు. ఎప్పుడూ చేపలు పట్టే రోజే. శిల్పి చేతిలో పనితనం ఉంది, పని చేసే ఒంటి మీద ప్రేమా ఉంది. ఆ ప్రేమకి ఒక వెసులుబాటు కూడా ఉంది: అభ్యంతరం చెప్పడానికి ఆ సన్యాసులు అక్కడ లేరు. గోడెక్కేది ఖాళీ చేసి వెళ్లినవాళ్లే.

ఇది లండన్ ముచ్చట మాత్రమే అయితే రాసేవాణ్ణి కాదు. 2004లో హైదరాబాద్ నగరంలో కల్లు దుకాణాలు మూయించారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం వాటిని మళ్లీ తెరిపించింది. ఆ పదేళ్లూ పబ్‌లు నడుస్తూనే ఉన్నాయి. అంటే నగరంలో తాగడమనే పనే చేతులు మారింది. పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక పబ్‌కి వెళ్తే గోడకి మోకు, దాని పక్కన రెండు లొట్లు వేలాడుతున్నాయి, మీద పసుప్పచ్చ లైటు. నా ఫ్రెండ్ వాటి ముందు సెల్ఫీ దిగాడు. మెనూలో మాత్రం కల్లు లేదు. అదేంటో నేను వాడికి చెప్పలేదు. మా ఇంట్లో అలాంటిదే ఉందనీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో బ్లాక్‌ఫ్రయర్‌లో కూర్చున్నాక అర్థమైంది. వాడి దృష్టిలో అది అప్పటికే పాతకాలపు వస్తువు. నేను నోరు తెరిస్తే మా ఇల్లు కూడా ఆ గోడెక్కేది.

బ్లాక్‌ఫ్రయర్ చూడదగ్గ పబ్. వెళ్తే తప్పక చూడండి. ఆ సన్యాసులు నవ్వుతుంటే 1538 అనే అంకెని మీరే పక్కన పెట్టుకుని చూడండి.

మా తాత మోకు చేగుంటలో ఇంటి దూలానికి వేలాడుతూ ఉంటుంది. రాత్రిపూట మాత్రమే. పొద్దున్నే మా కాక దాన్ని దించుకుని చెట్ల దిక్కు పోతాడు.