పేట ఎండకు వేరే లెక్క

ఆక్వాటింట్ అనే అచ్చు పద్ధతిలో నలుపును ఎవరూ పూయరు. రాగి రేకు మీద రోసిన్ పొడిని సన్నగా రాలనిచ్చి, కింద నుంచి వేడిచేసి అతికిస్తారు. ఆ రేణువుల సందుల్లోంచి ఆమ్లం రాగిని తింటుంది. ఎంతసేపు తింటే అంత లోతు, ఆ లోతులో నిలిచే సిరా కొద్దీ కాగితం మీద నలుపు. తెల్లగా మిగలాల్సిన చోటును ముందే వార్నిష్‌తో మూసేయాలి. తర్వాత కొన్ని సెకన్లకోసారి రేకును బయటికి తీసి, ఇక చాలనుకున్న బూడిదరంగునూ మూస్తూ పోవాలి. కుంచె పట్టిన చేతికి ఇది చికాకు పని. మన చేతిలో మిగిలేది ఎప్పుడు ఏది మూయాలన్న తీర్మానమే.

1760లలో ఫ్రాన్సులో ల ప్రిన్స్ దీన్నొక దారికి తెచ్చాడు. గోయా 1799లో ‘లోస్ కాప్రిచోస్’ 80 పలకల్లో చీకటంతా దీంతోనే నింపాడు. దాదాపు అదే కాలంలో డేనియల్ కుటుంబపు ఇద్దరు చిత్రకారులు మన దేశపు గుళ్లనూ కోటలనూ 144 ఆక్వాటింట్లుగా లండన్‌లో వేసి అమ్ముకున్నారు. నాకు మాత్రం నిజాంపూర్ నుంచి బరోడా వెళ్లి చదువుకొచ్చిన లక్ష్మాగౌడ్ ఎచింగుల ముందు ఆ మేఘాలూ మంటపాలూ పేలవంగా కనిపిస్తాయి. ఆయన మేకల ఒంటి మీద బూడిదరంగు బొచ్చులాగే ఉంటుంది.

హైదరాబాదు స్టూడియోలో ‘ప్రయోగాత్మక ఆక్వాటింట్’ అంటే చేరాను. పంచదార పాకంతో గీసి, పైన వార్నిష్ పూసి, గోరువెచ్చని నీళ్లలో ముంచితే పాకం ఉబ్బి వార్నిష్‌ను లేపుకొచ్చే పద్ధతి ఒకటి. ఆమ్లంలో ఉమ్మి కలిపి కుంచెతో నేరుగా రేకు మీద పెట్టడం ఇంకొకటి. అంచులు మబ్బుల్లా కరిగిపోతాయి. రోసిన్‌కు బదులు స్ప్రే పెయింటు చుక్కలు చల్లడం మరొకటి. అయితే అక్కడ నేర్పే సార్ వీటిలో ఏదీ ముందు ముట్టుకోనివ్వలేదు. ఒక రేకు ముక్కను పట్టీలుగా విడదీసి, 5 సెకన్లు, 10, 20, 40, 80 అని రెట్టిస్తూ కొరికించి, ఏ పట్టీ ఎంత నల్లబడిందో పుస్తకంలో రాయించారు. పక్కన ఆ పూట గది వేడి కూడా రాయాలి. అదెందుకో అప్పుడు అడగలేదు.

చిలకలూరిపేట వచ్చాక తెలిసింది. ద్రావణం వేడెక్కిన కొద్దీ జోరుగా కొరుకుతుంది. హైదరాబాదు డిసెంబరులో రాసుకున్న పట్టిక మండే ఎండల రెంటచింతల ఉన్న జిల్లాలోనే ఉండే మాకు మే నెలలో పనికిరాదు. లేత బూడిదరంగు రావాల్సిన వ్యవధికి మసి వస్తుంది. అందుకని తెల్లవారుజామునే మొదలుపెట్టి, పేటకు వేరే పట్టిక రాసుకుంటున్నాను.

సరుకుకు మాత్రం లోటు లేదు. రోసిన్, ఫెర్రిక్ క్లోరైడ్ రెండూ సర్క్యూట్ బోర్డుల పనివాళ్లకు తెలిసినవే. నైట్రిక్ ఆమ్లం బంగారప్పనివాళ్లు వాడేదే గానీ, దాని పొగకు భయపడి నేను ఫెర్రిక్‌తోనే సరిపెట్టుకున్నాను. దీనికి పొగ రాదు, కాకపోతే మడ్డి గీతల్లో పేరుకుంటుంది కాబట్టి రేకును బోర్లించి ముంచాలి. వాడేసిన ద్రావణంలో రాగి ఉంటుంది, కాలవలో పారబోయకూడదు. రోసిన్ దుమ్ముకు మాస్కు తప్పదు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. జిన్నింగ్ మిల్లుల ఊళ్లో ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి కూడా పారిస్‌లో, హేటర్ నడిపిన అటెలియే 17 అనే అచ్చుబొమ్మల స్టూడియోలో, ఇలాంటి లెక్కే పట్టాడు. కైకో మోతీతో కలిసి సిరాలో నూనె పాళ్లు మార్చి చూశాడు. పల్చని సిరా ఉన్నచోట చిక్కని సిరా అంటదు; మెత్తని రోలరు లోతుల్లోకి దిగుతుంది, గట్టిది పై అంచుల్నే తాకుతుంది. దాంతో ఒకే పలక మీద రంగులన్నీ ఎక్కించి ఒక్కసారే అచ్చు తీయడం కుదిరింది. ‘తోచింది చేసేశా’ అనేవాళ్ల ప్రయోగాల మీద నాకు నమ్మకం పోయింది ఇందుకే.

ఇక కావాల్సింది ప్రెస్సు. కొత్తది నా తాహతుకు మించిన పని కాబట్టి లేత్ షెడ్డుకు వెళ్లి, రెండు ఉక్కు రోలర్లు, మధ్యలో కదిలే పలక, పక్కన తిప్పే చక్రం కాగితం మీద గీసి చూపించాను.

“చెరకురసం మిషన్ పెడుతున్నారా అండీ?”

“కాదండీ, బొమ్మలు అచ్చేసుకోడానికి.”

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, రోలరు ఎంత లావుండాలని అడిగాడు. బేరం ఇంకా తెగలేదు.