ముందు మైనస్, తర్వాత ప్లస్

పసుపు తవ్వే రోజుల్లో పొద్దున్నే తాళం తిప్పితే ట్రాక్టర్ ‘టిక్’మని ఊరుకుందనుకోండి, జక్రాన్‌పల్లి రైతు గుండె ఝల్లుమంటుంది. కూలీలు చేన్లో నిలబడి ఉంటారు. అప్పుడు కావలసినవాడు బ్యాటరీ మెకానిక్కే.

మంచి పనివాడు వస్తూనే కొత్త బ్యాటరీ మాట ఎత్తడు. టర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి బూజును వేడినీళ్లు, వంటసోడాతో కడిగి బిగిస్తాడు. “బ్యాటరీ మంచిగనే ఉన్నదన్నా, వైరు లూజైంది” అని చెప్పి అమ్మకం వదులుకునే మనిషిని చూస్తే నాకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

నిజంగా పోయిందా అన్నది ఆసిడ్ చెబుతుంది. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు. లోపల తేలే బుడ్డి ఉన్న గాజు గొట్టంతో ఒక్కో గదిలోని ఆసిడ్‌ను పీల్చి చూస్తాడు. అయిదింటిలో తేలిన బుడ్డి ఆరోదాంట్లో మునిగిందంటే ఆ గది చచ్చినట్టే.

ఇక మార్చడం. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు మైనస్ చివర. ట్రాక్టర్ ఇనుమంతా మైనస్‌తో కలిసి ఉంటుంది కనుక, వరస తప్పి ప్లస్ మీది పానా బాడీకి తగిలిందా, నిప్పులే. ఛార్జింగ్‌లో పుట్టిన హైడ్రోజన్ అక్కడక్కడే తిరుగుతుంటుంది కూడా. ఆ వరస అతని వేళ్లకు అలవాటైపోయింది, మాట్లాడుతూనే చేసేస్తాడు.

టర్మినళ్లకు గ్రీజు పూసి, బరువైన పాతదాన్ని నిటారుగా, ఆసిడ్ చుక్క ఒలకకుండా ఎత్తుకుపోతాడు. అందులోని సీసం కరిగి మళ్లీ బ్యాటరీ అవుతుంది.