శోధగంగలో సిద్ధాంత వ్యాసములు: ఉన్నవి గాని దొరకవు

పరిశోధక విద్యార్థి మూడు నాలుగేండ్లు శ్రమించి వ్రాసిన సిద్ధాంత వ్యాసము పూర్వము ఏమగుచుండెడిది? కొన్ని ప్రతులు టైపు చేయించి, అట్ట కట్టించి, ఒకటి విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు ఇచ్చుటతో దాని ప్రయాణము ముగియుచుండెడిది. చదువగోరువాడు రైలెక్కి ఆ ఊరికి పోవలసినదే. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., పిహెచ్.డి. వ్యాసమును ఎలక్ట్రానిక్ ప్రతిగా కూడ సమర్పింపవలెనని నిబంధన చేసినది. గుజరాతునందలి గాంధీనగరములోనున్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము ఈ ప్రతులను ‘శోధగంగ’ అను అంతర్జాల భాండాగారమున చేర్చుచున్నది. నేడందు ఐదు లక్షలకు మించిన వ్యాసములు కలవు. చదువుటకు రుసుము లేదు. ఇంత పెద్ద పనిని మెచ్చుకొనక తప్పదు.

అయినను ఉంచుట వేరు, దొరకుట వేరు. వంటయింటి గట్టుపై పరచు నల్లని కడప రాయి ఎట్లు పుట్టినదో తరగతిలో చెప్పదలచిన ఉపాధ్యాయుని తలచుకొనుడు. అతడు ఇంగ్లీషులో ‘కె’తో మొదలగు కడప పేరును టైపు చేయును. ఆ శిలలను గూర్చి భూగర్భశాస్త్రజ్ఞులు వ్రాసిన వ్యాసములలో అది ‘సి’తో మొదలై, రెండు ‘డి’లతో నడచి, ‘హెచ్’తో ముగియును. జిల్లా పేరు వర్ణక్రమము 2005లో మారినది. శాస్త్రజ్ఞులు శిలాశ్రేణికి పెట్టుకొన్న పేరు మారలేదు. 2010లో జిల్లాకు వై.యస్.ఆర్. పేరు వచ్చినది, తరువాత కడప మరల చేరినది. మనకు ఇవన్నియు ఒక్క ఊరే. వెదకు యంత్రమునకు ఊరు తెలియదు, అక్షరములే తెలియును. పుస్తకము చివర నుండు పదసూచిక వలె, ఏ మాట ఏ వ్యాసమున కలదో అది ముందుగా పట్టిక వేసికొని, మనము కొట్టిన అక్షరములను ఆ పట్టికతో సరిపోల్చును. సరిపోలనిచో, ఆ వ్యాసము లేనట్లే.

పేర్ల సంగతియు ఇట్టిదే. శోధగంగకు ఆధారమైన డీస్పేస్ అను సాఫ్ట్‌వేరు 2002లో అమెరికాలో పుట్టినది. అది ఇంటిపేరును ముందుంచి, కామా పెట్టి, సొంతపేరును తరువాత చేర్చును. మన ఇంటిపేరు పొడి అక్షరమై ముందు నిలుచును గనుక, చివరనున్న ‘రావు’ను ఇంటిపేరనుకొని నింపువారు కలరు. అప్పుడు ఒకరికొకరు ఏమియు కాని రావులందరు ఒకే కుటుంబమగుదురు!

తెలుగులో వ్రాసిన వ్యాసముల గతి మరింత కష్టము. పాత ఫాంటులలో కూర్చిన వ్యాసము కంటికి తెలుగే. కాని లోపల రోమను అక్షరముల సంఖ్యలపై తెలుగు రూపములు తొడిగియుండును. యంత్రము చదివినది అర్థము లేని రోమను అక్షరముల గుంపు. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగు అక్షరములకు సొంత సంఖ్యల నిచ్చినది. ‘క’ సంఖ్య 3093. ఆ పద్ధతిలో కూర్చిన వ్యాసము మాత్రమే తెలుగు మాటతో వెదకినప్పుడు పలుకును. ఇక పాత టైపు ప్రతులను స్కాను చేసి చేర్చినవి వట్టి ఛాయాచిత్రములు. వాటి నుండి అక్షరములను గుర్తించి తీయు పని జరుగనిచో, పైనున్న శీర్షిక తప్ప లోనిదేదియు సూచికకెక్కదు.

దొరికిన తరువాత దింపుకొనుట మరియొక చిక్కు. ఒక్కొక్క ప్రకరణము ఒక్కొక్క పి.డి.యఫ్.గా నుండును. ఇందు మేలు లేకపోలేదు. ఇంటర్నెట్టు మందముగా నున్న పల్లెలో కావలసిన ప్రకరణమొక్కటే తెచ్చుకొనవచ్చును. కాని ఆ ఫైలు పేరు పదవ సంఖ్య, మూడవ ప్రకరణము, అంతే. వ్రాసినవాని పేరు లేదు, విషయము లేదు. వారము తరువాత ఉపాధ్యాయుని ఫోనులో ఐదు ‘మూడవ ప్రకరణములు’ చేరి, ఏది ఎవరిదో తెలియకుండును. ఇది కేవలము అశ్రద్ధ. వ్రాసినవాని పేరు, సంవత్సరము, విషయము ఫైలు పేరున చేర్చుట యంత్రము తనంతట చేయగల పని.

ఈ చిక్కులలో పెక్కింటికి గ్రంథాలయములకు మందు ఏనాడో తెలియును. 1931లో రంగనాథన్ ప్రకటించిన పంచసూత్రములలో నాలుగవది పాఠకుని కాలము పొదుపు చేయవలెనన్నది. కార్డుల సూచికలో పాత పేరు క్రింద వెదకువానిని కొత్త పేరు చూడుమని పంపు చీటీలు ఉండెడివి. కంప్యూటరు వచ్చి ఆ చీటీలు పోయినవి. వాటి పని మాత్రము పోలేదు. బెజవాడ, మసులిపటం, వాల్తేరు వంటి పాత పేర్లను నేటి పేర్లతో జతపరచు పట్టిక పెద్దది కాదు. ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయమున గ్రంథపాలకులు కూర్చుని తయారు చేయగలరు. అంతవరకు విద్యార్థి తన వ్యాససంగ్రహమున స్థలనామమును రెండు వర్ణక్రమములలోను వ్రాయవచ్చును, తెలుగు శీర్షిక ప్రక్కన ఇంగ్లీషు శీర్షిక చేర్చవచ్చును. దీనికి పట్టునది రెండు పంక్తులు. కడప రాయిని గూర్చి వెదకు ఉపాధ్యాయుడు ఏ ‘కడప’ను కొట్టినను అప్పుడు అదే వ్యాసము వచ్చును.