ఆంధ్రశబ్దచింతామణి – ప్రామాణ్యవిచారము

“చింతామణి నన్నయభట్టకృతము, కావున నందలి విధి యనుల్లంఘ్యము” అని మన పండితులలోఁ బెక్కండ్రు వాదించిరి. “అది నన్నయకృతము గాదు, కావునఁ బ్రమాణము గాదు” అని మఱికొందఱు వాదించిరి. ఈ రెండుపక్షములును బరస్పరవిరుద్ధములుగాఁ గాన్పించినను వానికి మూలమొక్కటియే. గ్రంథప్రామాణ్యము కర్తృనామమువలన వచ్చునని యుభయులును నమ్మిరి. ఈ నమ్మకమే యిచట విచారింపఁదగినది.

17వ శతాబ్దివాఁడగు నప్పకవి చెప్పిన కథ సుప్రసిద్ధము. నన్నయ తన రాఘవపాండవీయము నడఁచెనని కినిసి భీమకవి చింతామణిని గోదావరిలోఁ గలిపెనఁట. రాజరాజనరేంద్రుని కుమారుఁడగు సారంగధరుఁడు దానిని ముఖస్థము చేసియుండి, సిద్ధుఁడై చిరకాలము జీవించి, మతంగపర్వతముకడ బాలసరస్వతి కొసఁగెనఁట. రాజరాజు 11వ శతాబ్దివాఁడు. బాలసరస్వతి 17వ శతాబ్దివాఁడు. నడిమి యాఱువందల యేండ్లను దాఁటుటకు సిద్ధుఁడొకఁడు కావలసివచ్చెను.

13వ శతాబ్దియందుఁ గేతన తన ఆంధ్రభాషాభూషణమునఁ దనకుముందు తెలుఁగునకు లక్షణము చెప్పినవారు లేరనెను. గ్రంథము నష్టమైయుండుటచే నాతఁ డెఱుఁగఁడందురేని, వేఱొక చిక్కు కలుగును. ఎవ్వరును జూడని గ్రంథము తిక్కన యెఱ్ఱనల నెట్లు శాసించెను? శ్రీనాథ పోతనల నెట్లు శాసించెను? వారు చింతామణి లేకయే సాధుభాషను వ్రాసిరనుట కథ నంగీకరించువారికిని దప్పదు. కావున సాధుత్వమునకు మూలము వేఱొకచోట వెదకవలయును.

శబ్దప్రామాణ్యమును గూర్చి నైయాయికులు నిర్ణయించినది స్మరణీయము. వస్తుతత్త్వము నెఱిఁగి, యెఱిఁగినది యెఱిఁగినట్లు చెప్పఁగోరువాఁడు ఆప్తుఁడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునకును, మ్లేచ్ఛునకును సమానమని వాత్స్యాయనుఁడు స్పష్టముగాఁ జెప్పెను. ఆప్తత్వము జ్ఞానమునుబట్టి వచ్చునది. జన్మమునుబట్టియు, నామమునుబట్టియు వచ్చునది గాదు.

ధర్మవిషయమున మీమాంసకులు మఱింత నిర్భయముగా విచారించిరి. యజ్ఞశాలలోని మేడిస్తంభము నంతయు వస్త్రముతోఁ జుట్టవలయునని యొక స్మృతి కలదు. దానిని స్పృశించి గానము చేయవలయునని శ్రుతి. అంతయుఁ జుట్టినచో స్పర్శకుఁ జోటులేదు. కావున శబరస్వామి యా స్మృతిని నిరాకరించెను. అంతటితో విడువక, ఆ వస్త్రమును దామే తీసికొనవలెనను లోభముచేతఁ గొందఱట్లు చుట్టియుందురనియు, నదియే స్మృతికి మూలమైనదనియు వ్రాసెను. కుమారిలభట్టు దీనిని యథాతథముగా నంగీకరింపలేదు. అయినను శబరునికిఁ బూజ్యత తగ్గలేదు, స్మృతులన్నియుఁ గూలిపోలేదు. పూజ్యవచనమునకు మూలమేమని యడుగుట శిష్టసమ్మతమగు మార్గమేయని దీనివలనఁ దెలియును. తరువాతి కాలమున 1868లో రామనాథపురసంస్థానపు దత్తతవ్యాజ్యమునఁ బ్రీవీకౌన్సిలువారును, ఆచారము స్పష్టముగా రుజువైనచో నది గ్రంథవచనముకంటె బలవత్తరమని తీర్మానించిరి.

ఇఁక మా శాస్త్రము. పాణినికంటెఁ గాత్యాయనుఁడును, ఆతనికంటెఁ బతంజలియు నధికప్రమాణమని వైయాకరణుల సిద్ధాంతము. పూర్వుఁడు విడిచిన లక్ష్యమును ఉత్తరుఁడు చూచెననుటయే దీనికి హేతువు. మహాభాష్యమున నొక వైయాకరణుఁడు రథము తోలువానిని “ప్రవేత” యని సూత్రానుసారముగాఁ బేర్కొనఁగా, సూతుఁడు తన్ను “ప్రాజిత” యని చెప్పుకొనును. అది యపశబ్దమని వైయాకరణుఁ డాక్షేపింపఁగా, నీకు సూత్రప్రాప్తి తెలియునే కాని యిష్టరూపము తెలియదని సూతుఁడు బదులిచ్చును. భాష్యకారుఁడు సూతుని మాటనే నిలిపెను. శాస్త్రము చదువని వాఁడని యాతని ద్రోసివేయలేదు.

మన భాషయందును నిట్లే జరిగినది. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడెను. సూరియెడ భక్తిగల బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లోఁ బ్రౌఢవ్యాకరణము ప్రకటించి, దానికిఁ ద్రిలింగలక్షణశేషమను పేరును బెట్టెను. సూరి చెప్పక విడిచిన శేష మున్నదని యా పేరే చాటుచున్నది. కవిప్రయోగములను జూచి శేషపూరణము చేయుట సూరి కపచారము గాదు. కాత్యాయనుఁడు పాణినికిఁ జేసిన సేవ యిట్టిదే.

అట్లని బాలుఁడు ప్రతిసూత్రమును సందేహించుచుఁ జదువవలయునని నా యభిప్రాయము గాదు. గురువచనమును ముందుగా నమ్మనివానికి విద్య రాదు. కాని యా నమ్మకమునకుఁ దగిన మూలమును జూపుట గురువునకు విధి. విద్యార్థి వ్రాసిన పదమును “సూరి చెప్పలేదు” అని కొట్టివేయుట మన బడులలో నొకప్పు డుండెను. చెప్పకుండుట నిషేధము గాదు. ఆ పదమునకుఁ గవిత్రయమున నొకచోటనైనఁ బ్రయోగ మున్నదేమో యుపాధ్యాయుఁడు ముందు వెదకవలయును. ఉన్నచో దానిని విద్యార్థికిఁ జూపి యనుగ్రహింపవలయును. లేనిచోఁ గారణము చెప్పి దిద్దవలయును.

చింతామణి యెవరిదైనను గానిండు. అందలి ప్రతివిధిని నన్నయ భారతముతోను, తరువాతి మహాకవుల ప్రయోగములతోను సరిపోల్చి చూతము. సరిపడిన విధి, కర్త యజ్ఞాతుఁడైనను నిలుచును. సరిపడనిది నన్నయ పేరు పెట్టినను నిలువదు. కర్తృత్వవాదమునకుఁ బండితులు వెచ్చించిన శ్రమలో సగమైన నీ పరిశీలనకు వెచ్చించిన, భాషకు మేలగును.