మేలుకున్న కొండ, నిద్రపోని కొండ

డార్జిలింగ్ ఆకుని పొగడడానికి ఎవరికీ ధైర్యం అక్కర్లేదు. దాని పక్కన నీలగిరి ఆకుని పెట్టి మాట్లాడాలంటే మాత్రం కాస్త గొంతు సవరించుకోవాలి. మన ఇళ్లలో నీలగిరి టీ అంటే ఊటీ నుంచి తెచ్చుకున్న పొడి ప్యాకెట్. పాలల్లో మరిగి, పంచదార పోయించుకుని, నెల తిరక్కుండా అయిపోతుంది. అది సీటీసీ: యంత్రం పళ్ల మధ్య నలిగి గుళికలైన ఆకు. దాన్ని తప్పుపట్టడానికేమీ లేదు, చేయవలసిన పని చక్కగా చేస్తుంది. కాని అవే కొండల మీద, ఇంకాస్త పైన, ఆకుని ఆకుగానే ఉంచి వాడ్చి, మెలితిప్పి, ఆరబెట్టే టీ ఒకటి తయారవుతుంది. ఆర్థడాక్స్ అంటారు. డార్జిలింగ్‌తో పోల్చవలసింది దాన్ని.

కొండ టీ అనగానే అందరూ ఎత్తు గురించి మాట్లాడతారు. ఎత్తులో నీలగిరిదే పైచేయి. డార్జిలింగ్ తోటలు సుమారు 600 మీటర్ల నుంచి 2000 మీటర్ల దాకా ఉంటాయి. నీలగిరిలో కోరకుంద లాంటి తోట 2400 మీటర్ల దగ్గర ఉంది. అసలు తేడా తెచ్చేది అక్షాంశం. డార్జిలింగ్ 27 డిగ్రీల ఉత్తరాన ఉంది. అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెట్టు చిగురు వేయడం మానేసి నిద్రపోతుంది. నీలగిరి 11 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ ఏడాది పొడుగునా కోతే. అందుకే డార్జిలింగ్ పేరుమోసిన కోత చెట్టు మేలుకోగానే వస్తుంది. నీలగిరి మేలైన కోత చెట్టు కునుకు తీయబోయి తీయలేని రోజుల్లో వస్తుంది. నా దృష్టిలో రెండు కప్పుల తేడాకి మూలం ఇక్కడే ఉంది.

ముందు డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్. ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా కోసే తొలి చిగురు. దీన్ని గట్టిగా వాడుస్తారు. ఆకులో నీరు అంతగా తగ్గాక ఆక్సీకరణ పూర్తిగా సాగదు. బ్లాక్ టీ అని రాసిన ప్యాకెట్ విప్పితే సగం ఆకుపచ్చగా కనబడేది ఇందుకే. కాచితే లేత బంగారు రంగు, పచ్చి పూల వాసన, నాలుక అంచున చురుకైన వగరు. ఏవీ2 అనే క్లోన్ మొక్కల నుంచి వచ్చిందైతే ఆ పూల వాసన గది నిండుతుంది. ఈ పచ్చదనాన్ని ప్రోత్సహించింది ముఖ్యంగా జర్మనీ కొనుగోలుదారులు. వాళ్లకి అదే తాజాదనం, అదే వసంతం. ఆ వాసనని నేనూ కాదనను. కాని ఫస్ట్ ఫ్లష్‌కి దక్కే గౌరవంలో కొంత భాగం రుచిది కాదు, తొందరది: సంవత్సరపు మొదటి ఆకు తాగామన్న తృప్తిది. వాసన మోసుకొచ్చినంత నోటిలో నిలబడదు. పైగా మహా పట్టింపు. నీళ్లు సలసల కాగుతుండగా పోశారా, మూడు నిమిషాలు దాటనిచ్చారా, చేదెక్కి కూర్చుంటుంది. 85, 90 డిగ్రీల నీళ్లలో రెండున్నర నిమిషాలే దాని మర్యాద.

నీలగిరి ఫ్రాస్ట్ టీ అలా కాదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పగలు పొడి ఎండ, రాత్రి సున్నా దగ్గరికి జారే చలి. చిగురు ఎదుగుదల మందగిస్తుంది. కొద్దిగా వచ్చిన ఆకులోనే సువాసన దట్టంగా చేరుతుంది. నిజంగా మంచు పేరుకున్న చిగురు మాడిపోతుంది కనుక తోటకి కావలసింది ఆ చలి, మంచు మాత్రం కాదు. ఈ ఆకుని కాచితే కప్పులో నారింజ ఛాయ, తేటగా, మెరుపుగా ఉంటుంది. నారింజ తొక్క గిల్లినప్పటి వాసన, వెనక మల్లె జాతి పువ్వేదో, ఆ వెనక చల్లని మందు వాసన ఒకటి. ఊటీ దుకాణాల్లో నీలగిరి తైలం పక్కన అమ్మే వింటర్‌గ్రీన్ నూనెలో ఉండే మిథైల్ శాలిసిలేట్ టీ ఆకులోనూ రవ్వంత ఉంటుంది. క్రెయిగ్‌మోర్ తోట నుంచి వచ్చిన సీఆర్-6017 క్లోన్ పేరు అక్కడి సువాసన టీల ప్రసక్తిలో తప్పక వినబడుతుంది. వగరు ఉంది, కాని అంచులు కోయదు. ఒక నిమిషం ఎక్కువ నానినా అలగదు. ఫస్ట్ ఫ్లష్‌నీ ఫ్రాస్ట్ టీనీ పక్కపక్కన పెట్టి తాగితే, వాసన చూసేటప్పుడు మొదటిది గెలుస్తుంది, కప్పు ఖాళీ అయ్యేటప్పుడు రెండోది.

ఇక్కడితో ఆపేస్తే నీలగిరి వకాలతు అయిపోతుంది. డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్ ముందు నీలగిరి దగ్గర జవాబు లేదు. మే, జూన్‌లలో పచ్చదోమ జాతి పురుగులు, తామర పురుగులు లేత చిగురు రసం పీలుస్తాయి. గాయపడిన చిగురు తనని కాపాడుకోవడానికి కొన్ని సువాసన పదార్థాలు తయారు చేసుకుంటుంది. ఆ ఆకుని జాగ్రత్తగా వాడ్చి, పూర్తిగా ఆక్సీకరణ కానిచ్చి ఆరబెడితే వచ్చేదే మస్కటెల్: మిగల పండిన ద్రాక్ష, కొంచెం చెక్క, కొంచెం తేనె, చివర్లో తియ్యగా మారే వగరు. తైవాన్‌లో ఓరియంటల్ బ్యూటీ అనే ఊలాంగ్ కూడా ఇలాంటి పురుగు పుణ్యమే. పురుగు పడిన పంటకి ఎక్కువ ధర పలికే వ్యాపారం లోకంలో ఎన్ని ఉంటాయో తెలియదు కాని, ఇది మాత్రం ఒకటి. డార్జిలింగ్‌లో ఇంకా బతికున్న వందేళ్లు దాటిన చైనా జాతి పొదలు, ఆ గాలి, ఆ పురుగు, ఆ మే, జూన్ వారాలు. ఈ నాలుగూ ఒకచోట కలవడం నీలగిరిలో జరగదు. నీలగిరి రుచి తేటది, పొరలు తక్కువ. దాని బంధుత్వం శ్రీలంక ఎత్తైన కొండల టీతో. డార్జిలింగ్ గజంతో దాన్ని కొలిచినప్పుడల్లా పొట్టిగానే తేలుతుంది.

మరో గజం తీసుకుంటే? చల్లార్చి చూడండి. చాలా బ్లాక్ టీలు ఐసు వేయగానే మబ్బు కమ్మినట్టు మసకబారతాయి. మంచి నీలగిరి తేటగానే ఉంటుంది, అందుకే ఐస్‌డ్ టీ చేసేవాళ్లు దాన్ని వెతుక్కుంటారు. పాలు? ఫస్ట్ ఫ్లష్‌లో పాలు పోయడం దండగ. నీలగిరి రెండు చెంచాల పాలని ఓర్చుకుంటుంది. ఇరానీ చాయ్ డికాక్షన్‌కి మాత్రం రెండింటిలో ఏదీ పనికిరాదు. దమ్ మీద అంతసేపు మగ్గితే పోవలసిన సువాసనంతా పోతుంది.

ధర సంగతికొస్తే రుచి వాదన కొంత వెనకబడుతుంది. డార్జిలింగ్‌లో బ్రిటిష్ అధికారి ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ 1841లో టీ గింజలు నాటాడు. మకైబారి తోట 1859లో మొదలైంది. నీలగిరిలో తియాషోలా, దొడ్డబెట్ట తోటలదీ దాదాపు అదే కాలం. ఓపియం యుద్ధంలో పట్టుబడిన చైనా ఖైదీలు అక్కడ పనిచేశారని చెబుతారు. వయసులో సమానమే. కాని డార్జిలింగ్ మేలైన ఆకు మీద పేరు కట్టుకుంది, నీలగిరి ఎక్కువ భాగం సీటీసీ వైపు వెళ్లిపోయింది. కూనూరు వేలంలో ఆ పొడి కిలో వంద రూపాయలకి అటూ ఇటూగా పలికిన సంవత్సరాలు ఎన్నో. పచ్చాకుకి గిట్టుబాటు ధర కోసం అక్కడి బడగ సమాజపు సన్నకారు రైతులు 2023లో ఆందోళనకి దిగారు. అటు డార్జిలింగ్‌లో మకైబారి టీ ఒకటి 2014లో కిలో 1850 డాలర్లకి అమ్ముడైంది.

అంత పేరున్న డార్జిలింగ్ కడుపు చల్లగా ఉందా అంటే అదీ లేదు. ఒకప్పుడు కోటి కిలోలు దాటిన దిగుబడి 60 లక్షల కిలోల దగ్గరికి దిగింది. 2017లో ప్రత్యేక గూర్ఖాలాండ్ రాష్ట్రం కోసం జరిగిన బంద్ 104 రోజులు సాగి ఆ ఏటి సెకండ్ ఫ్లష్‌ని దాదాపు తుడిచిపెట్టింది. సరిహద్దు అవతలి ఇలాం నుంచి వచ్చే నేపాల్ ఆకు ఆ ఖాళీలో దూరింది, డార్జిలింగ్ పేరుతోనే అమ్ముడవుతోందని తోటల ఫిర్యాదు. ఇక కూలి: పశ్చిమ బెంగాల్ తోటల్లో రోజుకి 250 రూపాయలైంది 2023లో. అప్పటికి తమిళనాడు తోటల్లో అది 400 దాటింది. ఖరీదైన కప్పు కోసం చిగురు గిల్లిన చేతికి చవక కప్పు కోసం గిల్లిన చేతికన్నా తక్కువ దక్కింది. టీ గురించి రాసేవాళ్లు, ద్రాక్ష వాసనని అంత శ్రద్ధగా వర్ణించేవాళ్లు, ఈ లెక్క దగ్గర ఎందుకో తొందరగా పేజీ తిప్పేస్తారు.

అయినా డార్జిలింగ్ నుంచి నీలగిరి నేర్చుకోవలసింది ఒకటుంది. డార్జిలింగ్ తన రుతువులని చదవడం కొనేవాళ్లకి నేర్పింది. ఏటా మొదటి లాట్‌కి డీజే-1 అని పేరు పెట్టి తోటలు అక్కడి నుంచి వరస కడతాయి. తోట, ఫ్లష్, లాట్ నంబరు అన్నీ ప్యాకెట్ మీద ఉంటాయి. భౌగోళిక గుర్తింపు దానికి 2004లో వచ్చింది, దేశంలోనే మొదటిది. నీలగిరి ఆర్థడాక్స్‌కీ 2008లో వచ్చింది. అయినా జనవరి ఆకు, ఆగస్టు ఆకు తరచూ ఒకే పేరుతో, ఒకే కొండ బొమ్మ కింద అమ్ముడవుతాయి. కొనబోయేవాళ్లు అడగవలసింది రెండే: ఏ తోట, ఏ నెల. డార్జిలింగ్‌కి ఆ జవాబు ప్యాకెట్ మీదే దొరుకుతుంది. నీలగిరికి చాలాసార్లు ఫోన్ చేసి కనుక్కోవలసి వస్తుంది.